ఎంజీఏ ఇంజిన్‌లో అంబాసిడర్ సామాను ఎంతవరకు నడుస్తుంది?

మీ ప్రశ్న సారాంశం ఇదీ అనుకుంటున్నాను. మిర్యాలగూడ దగ్గర మీ మేనమామ గారి రైస్ మిల్లు షెడ్డులో ఏళ్లుగా పడి ఉన్న 1957 నాటి ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు ఎంజీఏ 1500 మీ చేతికొచ్చింది. ఇంజిన్ పట్టేసి తిరగడం లేదు. మెకానిక్‌కు చూపిస్తే "గిది అంబాసిడర్ ఇంజినే సార్, సామానంత దొరుకుతది. కాదంటే ఇంజినే మార్చి పడేద్దాం" అన్నాడు. మీకేమో కారు ఇంగ్లండ్‌లోని ఎంజీ వాళ్ల అబింగ్డన్ ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే లేపాలని ఉంది. ఆ కాలానికి సరిపోయే అసలు పార్టులు ఎక్కడ దొరుకుతాయి, దొరికినవి సరైనవేనని ఎట్లా తెలుస్తుంది అని అడిగారు.

మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, కాకపోతే సగమే చెప్పాడు. లోపల అరిగిపోయే సామాను చాలావరకు అంబాసిడర్‌ది నడుస్తుంది. నంబరు ఉన్నది, బయటికి కనిపించేది, గాలీ పెట్రోలూ లోపలికి పంపేది మాత్రం ఎంజీఏదే ఉండాలి. ఇంకోటి, ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు మీ దగ్గరున్నది ఏమిటో తేల్చుకోండి. నేను నల్లగొండలో బోరింగ్, క్రాంకు గ్రైండింగ్ షాపు నడుపుతాను. రోజంతా ట్రాక్టర్లు, హార్వెస్టర్లే. పాత ఇంగ్లిష్ కార్లు ఇష్టం కొద్దీ చేస్తాను, పైసల కోసం కాదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఈ గందరగోళం ఎందుకొచ్చిందంటే, ఎంజీఏ 1500లో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ ఇంజిన్. 1489 సీసీ, బోరు దాదాపు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. మన హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు వేసిందీ ఆ 1489 సీసీ ఇంజినే. రెండూ ఒకే కడుపున పుట్టినవి, పెంపకమే వేరు. ఒకటి నలుగురిని కూర్చోబెట్టుకుని, వెనక డిక్కీలో బియ్యం మూటలు వేసుకుని తిరగడానికి పెరిగింది. ఇంకోటి రెండు కార్బొరేటర్లతో, ఎక్కువ కంప్రెషన్‌తో ఉరకడానికి పెరిగింది.

పోలిక ఇంత దగ్గరగా ఉండటం వల్లే ఇంకో తిరకాసు ఉంది. విదేశీ సామాను దిగుమతి చేసుకోవడం గగనమైన రోజుల్లో మన దేశంలో ఎన్నో ఎంజీలకు అసలు ఇంజిన్ పాడవగానే అంబాసిడర్ ఇంజిన్ దించేశారు. కాబట్టి మీరు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి, మీ కారులో ఇప్పుడున్నది ఎంజీఏ ఇంజినేనా అన్నది.

బానెట్ ఎత్తి ఇంజిన్ కుడివైపు, అంటే స్పార్కు ప్లగ్గులు ఉన్న వైపు చూడండి. బ్లాకుకు రివెట్లతో కొట్టిన చిన్న రేకు ప్లేటు ఉండాలి. దాని మీద జిడ్డూ దుమ్మూ కలిసి గట్టి పొరలా ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, వైరు బ్రష్ కూడా వద్దు. డీజిల్‌లో ముంచిన గుడ్డ కాసేపు దాని మీద పెట్టి ఉంచి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దండి. అక్షరాలు తేలాక సుద్దముక్కతో పైపైన రుద్దితే ఫోటోలో స్పష్టంగా కనిపిస్తాయి. 1957 కారుకు నంబరు బీపీ15జీబీ అనో, 15జీబీ అనో మొదలవ్వాలి. 15 అంటే 1500. 15జీడీ కనిపిస్తే అది ఇంకా తర్వాతి 1500 ఇంజిన్. 16తో మొదలైతే 1600 ఇంజిన్ ఎవరో వేశారన్నమాట. వరుస అంకెల ముందు హెచ్ అక్షరం ఉంటే హై కంప్రెషన్, ఎల్ ఉంటే లో కంప్రెషన్. ఈ ఒక్క అక్షరం పిస్టన్లు కొనేటప్పుడు పనికొస్తుంది.

ప్లేటు లేకపోతే నిరాశపడకండి. ప్లేటు ఊడిపోవచ్చు, బ్లాకు పోత మారదు. ఎంజీఏలో ఆర్పీఎం మీటరు కేబుల్‌తో తిరుగుతుంది. ఆ కేబుల్‌కు చలనం క్యామ్‌షాఫ్ట్ వెనక చివరన ఉన్న పళ్ల చక్రం నుంచి వస్తుంది. అందుకని బ్లాకు ఎడమవైపు వెనక మూలన ఆ డ్రైవ్ దిగడానికి రంధ్రం మెషిన్ చేసి ఉంటుంది. అంబాసిడర్‌కు ఆర్పీఎం మీటరే లేదు కాబట్టి ఆ పనీ ఉండదు. దానికి తోడు అంబాసిడర్ బ్లాకు మీద మెకానికల్ పెట్రోలు పంపు కూర్చుంటుంది. వేడికి మొరాయించినప్పుడు డ్రైవర్లు బానెట్ ఎత్తి తడిగుడ్డ వేసేవాళ్లే, ఆ పంపు. ఎంజీఏకు అది లేదు. కారు వెనక భాగంలో టిక్‌టిక్‌మనే ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది. ఈ రెండు గుర్తులు చూస్తే ప్లేటు లేకున్నా సగం సంగతి తేలిపోతుంది. హెడ్డు మీద 15 అని పోతలో ఉబ్బెత్తుగా అంకె కనిపిస్తే హెడ్డు కూడా ఎంజీఏదే కావడానికి ఎక్కువ అవకాశం. ఇన్‌లెట్ వాల్వు తల 1.5 అంగుళాలు ఉండాలి. హెడ్డు విప్పాక వెర్నియర్‌తో కొలిచి నమ్మకం చేసుకోండి.

ఇక కాగితం సంగతి. ఇంగ్లండ్‌లో గేడన్ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఎంజీ ఫ్యాక్టరీ పాత రికార్డులు వాళ్ల దగ్గర ఉన్నాయి. మీ ఛాసిస్ నంబరు పంపి రుసుము కడితే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. కారు ఏ తేదీన తయారైంది, ఏ రంగు, ఏ దేశానికి పంపారు, మొదట దానిలో ఉన్న ఇంజిన్ నంబరు ఏది, ఇవన్నీ అందులో ఉంటాయి. నా దగ్గరికి వచ్చే ఎవరికైనా మొదటి ఖర్చు ఇదే పెట్టమంటాను. పార్టులకు లక్షలు పోసేవాళ్లు దీనికి వెనకాడటం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ కాగితం మీద నంబరు, బ్లాకు మీద నంబరు, మీ ఆర్సీలో నంబరు పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ కలిస్తే మీ అదృష్టం, ఇక ఆ బ్లాకును ఎవరు ఏమన్నా వదలొద్దు. ఆర్సీ, బ్లాకు కలిసి గేడన్ కాగితంతో కలవకపోతే ఎప్పుడో ఇంజిన్ మార్చి ఆర్టీఓలో రాయించారన్నమాట. ఆర్సీ ఒకటి, బ్లాకు ఒకటి అయితే పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ దగ్గర తేల్చుకోండి.

ఆర్టీఓ మాట ఎందుకంటే, 2021 జూలైలో కేంద్రం మోటారు వాహన నియమాల్లో వింటేజ్ వాహనాలకు వేరే పద్ధతి తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే అది వర్తిస్తుంది. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. మీ మెకానిక్ అన్నట్టు ఇంజినే మార్చి పడేస్తే ఈ దారికి మీరే అడ్డం కొట్టుకున్నట్టు.

ఇప్పుడు ఒక్కో పార్టు దగ్గరికి వద్దాం.

బేరింగులు, గ్యాస్కెట్లు, వాల్వు స్ప్రింగులు. వీటి విషయంలో అంబాసిడర్ మన పాలిట వరమే. 1489 ఇంజిన్‌కు మెయిన్ బేరింగులు మూడే. క్రాంకు మెయిన్ జర్నల్ 2 అంగుళాలు, బిగ్ ఎండ్ దాదాపు 1.876. గ్రైండింగ్ అయ్యాక టెన్, ట్వెంటీ, థర్టీ, ఫార్టీ (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) అండర్‌సైజుల్లో మెటల్స్, అంటే బేరింగు షెల్స్, దొరుకుతాయి. మైక్రోమీటర్ పెట్టకుండా "ఇది ట్వెంటీ అన్నా" అని చూపుతో చెప్పే షాపులో మాత్రం క్రాంకు దించకండి. హెడ్డు గ్యాస్కెట్‌ను పాతదాని మీద పరిచి నీళ్ల రంధ్రాలు ఒక్కోటి సరిచూసుకున్నాకే పైసలు ఇవ్వండి. లోపలికి పోయాక ఈ సామాను ఎవరికీ కనిపించదు, పాత కార్ల పోటీల జడ్జీలకు కూడా. అసలు తయారీదారు బేరింగులే కావాలని పట్టుబట్టి, అరవై ఏళ్లు పెట్టెలో ఉన్నవి తెచ్చి వేసుకోవడం నా లెక్కలో వట్టి మూర్ఖత్వం.

పిస్టన్లు. జాగ్రత్తంతా ఇక్కడే కావాలి. బోరు ఒకటే కాబట్టి అంబాసిడర్ పిస్టన్ చక్కగా దిగుతుంది, ఇంజిన్ స్టార్ట్ కూడా అవుతుంది. కానీ ఎంజీఏ 1500 కంప్రెషన్ నిష్పత్తి 8.3. అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్‌ది అంతకంటే తక్కువ. హైదరాబాద్ నుంచి ఒకాయన తన ఎంజీఏను తెచ్చి, అంతా కొత్తగా చేయించినా బండి లాగడం లేదని అన్నాడు. ట్యూనింగ్ అంతా సరిగానే ఉంది. హెడ్డు విప్పి చూస్తే పిస్టన్ తలలు వేరే ఆకారంలో ఉన్నాయి. అమ్మినాయన పెట్టె మీద 1489 అని ఉంది కదా అని ఇచ్చాడట. పెట్టె మీద సీసీ చూసి కొనొద్దు. పిన్ను మధ్య నుంచి పైతలం దాకా ఎత్తు, తల ఆకారం, రింగుల గాడి మందం, ఈ మూడూ మీ పాత పిస్టన్‌తో కొలిచి చూడాలి. ఇంకో సంగతి, ఈ ఇంజిన్‌లో పిన్నును కనెక్టింగ్ రాడ్ చిన్న కొన దగ్గర బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు వేలెడు కూడా ఉండదు, కానీ అది వదులైతే పిన్ను జరిగి సిలిండర్ గోడను కోసేస్తుంది. పాతవి మళ్లీ వాడకుండా కొత్తవి వేయించండి.

క్యామ్‌షాఫ్ట్. అంబాసిడర్‌ది వద్దు. వెనక పళ్ల చక్రం లేకపోతే మీ ఆర్పీఎం మీటరు చచ్చినట్టే. మీది అరిగితే రీగ్రైండ్ చేయించండి, అంతకీ పనికిరాకపోతే ఇంగ్లండ్ నుంచి తెప్పించండి.

కార్బొరేటర్లు, మ్యానిఫోల్డు. కారు గుర్తింపంతా ఇక్కడే ఉంది. రెండు ఎస్‌యూ హెచ్4లు, ఒక్కోటి ఒకటిన్నర అంగుళాలది. చాలామంది ఇవి లేవని ఒక్క కార్బొరేటర్‌తో అంబాసిడర్ మ్యానిఫోల్డు పెట్టేస్తారు. మీ కారులో ఉన్నవి హెచ్4లే అయితే ఎంత తుప్పు పట్టినా పారేయొద్దు. అరిగేది ముఖ్యంగా థ్రాటిల్ స్పిండిల్ రంధ్రం. చేత్తో స్పిండిల్‌ను పైకీ కిందికీ ఆడించి చూడండి, టకటకమంటే అక్కడ గాలి లీకవుతోంది. మంచి లేతు మనిషి ఇత్తడి బుష్షులు వేసి కొత్తదానిలా చేస్తాడు. పైన గంటలాంటి డ్యాష్‌పాట్ ఎత్తి పిస్టన్ తీస్తే కింద సూది వేలాడుతుంది. దాని మొదట్లో చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. ఎంజీఏ 1500కు జీఎస్ ఉండాలి. వేరే అక్షరాలు కనిపిస్తే ఎవరో మార్చారని అర్థం. రెండు కార్బొరేటర్లలోనూ ఒకే సూది ఉందో లేదో చూడండి, రెండు రకాలు కలిపి బిగించినవి నేను చూశాను. ఎస్‌యూ సామాను ఇప్పటికీ ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీలోని బర్లెన్ వాళ్లు కొత్తగా తయారు చేస్తున్నారు. సూదులు, జెట్లు, గ్యాస్కెట్లు అన్నీ దొరుకుతాయి, నకిలీల జోలికి వెళ్లాల్సిన పని లేదు.

డిస్ట్రిబ్యూటర్, డైనమో, స్టార్టర్, కంట్రోల్ బాక్సు. ఇవన్నీ లూకాస్ వాళ్లవి. అప్పటి లూకాస్ సామాను మీద మోడల్ నంబరుతో పాటు తయారైన నెల, సంవత్సరం కూడా గుద్ది ఉంటాయి. మీ కారు 1957ది అయితే దానికి కొంచెం ముందు తేదీ ఉన్న డైనమో సరైనది. 1962 తేదీ ఉన్నది ఎంత అందంగా ఉన్నా తర్వాత వచ్చిందే. మద్రాసు లూకాస్ టీవీఎస్ డిస్ట్రిబ్యూటర్ పని చక్కగా చేస్తుంది. రోజూ తిరగడానికైతే నేనే పెట్టుకోమంటాను, అసలుది మాత్రం శుభ్రం చేసి నూనె గుడ్డలో చుట్టి దాచండి. ఎలక్ట్రీషియన్‌కు ఒక్క మాట గట్టిగా చెప్పండి. ఈ కారులో బాడీకి కలిపేది పాజిటివ్ వైరు. అలవాటు కొద్దీ నెగటివ్ కలిపాడంటే సామాను కాలుతుంది.

నట్లు, బోల్టులు. బీ సిరీస్‌లో ఎక్కువగా అంగుళాల లెక్కలో యూఎన్ఎఫ్ (సన్న పళ్ల) మరలు. మన దగ్గర 5/16 రంధ్రంలోకి 8 ఎంఎం బోల్టు పెట్టి పానాతో బలవంతంగా తిప్పుతారు, మర పోతుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక ఎంజీ టీడీ (ఎంజీఏకు ముందు తరం కారు) వచ్చినప్పుడు ఇంకా వింత చూశాను. దాని ఎక్స్‌పీఏజీ ఇంజిన్‌లో బోల్టు తలలు విట్‌వర్త్ (పాత ఇంగ్లిష్ కొలత) పానాకు సరిపోతాయి కానీ మరలు మాత్రం మెట్రిక్. ఆ ఇంజిన్లు చేసిన మోరిస్ ఇంజిన్ల విభాగం మొదలైంది కోవెంట్రీలోని ఫ్రెంచి హాచ్‌కిస్ కంపెనీ ఫ్యాక్టరీతో. 1923లో మోరిస్ దాన్ని కొన్నా మెషిన్లు ఫ్రెంచి కొలతవే, అందుకని మరలు అట్లాగే కొనసాగాయి. తల చూసి విట్‌వర్త్ అనుకున్న మెకానిక్ ఎవరో ట్యాపు దించి సగం రంధ్రాలు పాడు చేశాడు. టీడీకి మన దేశంలో అంబాసిడర్ లాంటి చుట్టం కూడా లేదు, ప్రతి ముక్కా ఇంగ్లండ్ నుంచి రావాల్సిందే. ఆ లెక్కన మీ అదృష్టం బాగుంది.

ఎక్కడ వెతకాలంటే, అంబాసిడర్ సామానుకు ముందు హైదరాబాద్ పుత్లీబౌలి, రాణిగంజ్ తిరగండి. అక్కడ పాత తరం దుకాణదారుతో మాట్లాడండి, కుర్రాళ్లు కంప్యూటర్‌లో చూసి లేదంటారు. పెద్దాయన అటక మీదికి మనిషిని ఎక్కిస్తాడు. అక్కడ దొరకనిది కలకత్తా మల్లిక్ బజార్‌లో దొరుకుతుంది, అంబాసిడర్‌కు అదే కాశీ. పాత లూకాస్ ముక్కలకు చెన్నై పుదుపేట కూడా చూడొచ్చు. పాత ఇనుప సామాను దగ్గర బ్లాకు కొనే పరిస్థితి వస్తే అది డీజిల్ బ్లాకు కాదని చూసుకోండి. అంబాసిడర్‌లో 1489 సీసీ డీజిల్ కూడా ఉండేది.

ఎంజీఏకే ప్రత్యేకమైన వాటికి ఇంగ్లండ్‌లో మాస్, బ్రౌన్ అండ్ గామన్స్ లాంటి దుకాణాలున్నాయి. ధర చూసేటప్పుడు కొరియర్, కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ కలుపుకోండి, చిన్న చిన్నగా కాకుండా ఒకేసారి తెప్పించండి. కొత్తగా తయారైన పార్టులకు పేచీ లేదు. వాడిన పార్టుల దిగుమతి నియమాలు మాత్రం వేరు, ముందే కనుక్కోవాలి. అందుకే "ఇంగ్లండ్ నుంచి పాత ఇంజిన్ తెప్పిస్తా" అనేవాళ్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇవన్నీ చెప్పినా, నా అనుభవంలో సరైన పార్టు దొరికే మొదటి చోటు మీ షెడ్డే. విప్పేసిన ఎయిర్ క్లీనర్లు, పాత డైనమో, వంకర లింకేజీ రాడ్లు మిల్లు అటక మీదో, మీ అత్తయ్య ఇంటి పాత పెట్టెలోనో ఉంటాయి. పాత ఇనుము కొనేవాడు రాకముందే ఆ వెతుకులాట పూర్తి చేయండి.

మన జిల్లా బండ్లకు ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది. చలి దేశాల్లో బ్లాకులు నీళ్లు గడ్డకట్టి పగులుతాయి, మన దగ్గర ఆ భయం లేదు. మన శత్రువు బోరు నీళ్లు. నల్లగొండ నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. అవే రేడియేటర్‌లో పోసి నడిపిన బ్లాకులో నీళ్ల దారి అంతా తెల్లటి గార పట్టి, దాని మీద తుప్పు మట్టి పేరుకుని ఉంటుంది. ముఖ్యంగా వెనక నాలుగో సిలిండర్ చుట్టూ. పక్కనున్న కోర్ ప్లగ్గులు (నీళ్ల దారి మూసే రేకు బిళ్లలు) అన్నీ ఊడదీసి, లోపల వైరుతో గీకి కడగకపోతే ఎంత ఖరీదైన పిస్టన్ వేసినా వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది. కడిగేటప్పుడు కాస్టిక్ తొట్టిలో ఇనుప బ్లాకు, హెడ్డు మాత్రమే ముంచనివ్వండి. ఒక షాపులో కుర్రాడు కార్బొరేటర్ బాడీలను కూడా అందులో వేశాడు. అల్యూమినియం కదా, నల్లబడి గుంటలు పడి బయటికొచ్చాయి. ఆ కస్టమర్ వాటిని నా దగ్గరికి తెచ్చినప్పుడు చేయడానికేమీ మిగల్లేదు. ఇంజిన్ నంబరు ఉన్న రేకు ప్లేటు కూడా ముందే జాగ్రత్తగా తీసి మీ దగ్గరే పెట్టుకోండి. బ్లాకు షాపుకు పంపే ముందు అన్ని వైపులా ఫోటోలు తీయండి, తిరిగొచ్చింది మీదేనని తెలియాలి.

రిపేరు అయ్యాక గేర్‌బాక్సు దగ్గర రోజుకు నాలుగు చుక్కలు ఆయిల్ పడితే మెకానిక్‌ను తిట్టకండి. మూడు బేరింగుల ఇంజిన్‌కు క్రాంకు వెనక సీలే లేదు, ఆయిల్‌ను వెనక్కి తోసే మరలాంటి గాడి మాత్రమే ఉంటుంది. ఇంజిన్ రంగు మెరూన్ ఛాయ ఉన్న ఎరుపు. పాత పెయింటు మ్యానిఫోల్డు వెనకో, బ్రాకెట్ల కిందో మిగిలి ఉంటుంది, దానితో కలిపి చూసి రంగు కలిపించండి. హెడ్డు విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి, ఇప్పుడు పెట్రోలులో సీసం లేదు. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు కాబట్టి దాన్ని తట్టుకునే పైపులే వేయాలి. హెచ్4 జెట్ చుట్టూ ఉండే కార్క్ వాషర్లు కొన్నాళ్లకోసారి చూసుకోవాలి.

పట్టేసిన ఇంజిన్‌ను తాడు కట్టి లాగి తిప్పే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వొద్దు. ప్లగ్గులు తీసి, నాలుగు రంధ్రాల్లో డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి వారం పది రోజులు వదిలేయండి. తర్వాత క్రాంకు పుల్లీ నట్టుకు పానా వేసి ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా కదపండి. కదలకపోతే హెడ్డు విప్పాల్సిందే. ఈలోగా ప్లేటు ఫోటో, హెడ్డు మీద అంకె ఫోటో, బ్లాకు ఎడమ వెనక మూల ఫోటో ఇక్కడ పెట్టండి. అవి చూసి మీకు కొనాల్సినవి ఏవో, కొనకూడనివి ఏవో చెప్తాను.